అంచు దగ్గర దొరికిపోతాం

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బ్యానర్ల మీద జావా ఉంటుంది, పైథాన్ ఉంటుంది, ఎస్ఏపీ ఉంటుంది. వాటి మధ్యలో ఎక్కడో ఒక డ్రాగన్ ఉంటుంది. నోట్లోంచి మంట, కాళ్ల కింద తగలబడుతున్న నగరం, అడుగున ఫోన్ నంబరు. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ర్యాంకు బయటికి చెప్పుకోలేని పిల్లలు ఆ బ్యానర్ దగ్గర ఆగుతారు. నేనూ ఆగాను. కోర్సు పూర్తయినా డ్రాగన్ నా చేతికి రాలేదు. నా చేతికి వచ్చింది ఒక జూనియర్ ఆర్టిస్టు జడ.

ఆ జడ సంగతి చెప్పబోయే ముందు పనేమిటో చెప్పాలి. విజువల్ ఎఫెక్ట్స్ అన్న పెద్ద పేరు కింద రెండు రకాల పనులున్నాయి. ఒకటి, లేనిదాన్ని కంప్యూటర్లో పుట్టించడం: మోడలింగ్, యానిమేషన్, లైటింగ్ అన్నీ అటువైపు. రెండోది, వేరువేరు చోట్ల, వేరువేరు వేళల్లో పుట్టిన ముక్కలన్నిటినీ ఒక ఫ్రేములో కూర్చి, ఒకే కెమెరా ఒకే క్షణంలో తీసినట్టు నమ్మించడం. ఇది కంపోజిటింగ్. హీరోని శంషాబాద్ దగ్గర తీస్తారు, కొండని ఇంకో దేశంలో తీస్తారు, మధ్యలో లోయ అసలు ఎక్కడా ఉండదు. ఆ మూడూ కలిసేది కంపోజిటర్ టేబుల్ మీద. ప్రేక్షకుడు ఏ మాత్రం అనుమానించినా ‘గ్రాఫిక్స్ తేలిపోయింది’ అని తేల్చేస్తాడు. అనుమానించకపోతే కెమెరామన్‌ని మెచ్చుకుంటాడు. ఈ పంపకం గురించి మా వృత్తిలో పెద్దగా ఎవరూ బాధపడరు, అలవాటైపోయింది.

అనుమానం ఎక్కడ మొదలవుతుంది? దాదాపు ఎప్పుడూ అంచు దగ్గరే. మనిషి ముగిసి కొండ మొదలయ్యే ఆ ఒకటి రెండు పిక్సెళ్ల దగ్గర. కంపోజిటింగ్ చదువంతా చివరికి ఆ అంచుని చూడ్డం నేర్చుకోవడమే అని నాకు అర్థమైంది. సాఫ్ట్‌వేర్‌ బటన్లు కొద్ది వారాల్లో వచ్చేస్తాయి. చూపు రావడానికి చాలాకాలం పడుతుంది, ఫీజు మాత్రం బటన్లకే తీసుకుంటారు.

మొదట రోటో నేర్పుతారు. రోటో అంటే కదిలే మనిషి చుట్టూ గీత గీసి, అతన్ని వెనకున్న దృశ్యం నుంచి విడదియ్యడం. అమెరికాలో కార్టూన్ సినిమాలు తీసిన మాక్స్ ఫ్లైషర్ రోటోస్కోప్ అన్న యంత్రానికి 1915లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు, 1917లో మంజూరైంది. ఫిల్మ్ మీదున్న మనిషిని అద్దం మీద పడేటట్టు చేసి, దాని మీద కాగితం పెట్టి గీసుకోవడం ఆయన పద్ధతి. నూరేళ్ల తరవాత కాగితం పోయింది, గీత మిగిలింది.

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. నాలుగు సెకన్ల షాట్ అంటే 96. ఎడిటర్ మనసు మార్చుకుంటాడేమోనని ముందో ఎనిమిది, వెనకో ఎనిమిది అదనంగా ఇస్తారు, వాటిని హ్యాండిల్స్ అంటారు. మొత్తం 112. మొదటి ఫ్రేముకి 1 అని కాకుండా 1001 అని నంబరు వేస్తారు. రేపు ముందువైపు ఇంకో పది ఫ్రేములు కావాలంటే నంబరు సున్నా కిందికి పోకూడదు కదా. ఎడిటర్లు మనసు మార్చుకుంటారన్నది పరిశ్రమ ఇలా అంకెల్లోనే ఒప్పేసుకుంది.

రోటోకి కూర్చున్న కొత్తవాడు ఏం చేస్తాడంటే, మనిషి చుట్టూ ఒకటే గీత చుట్టేసి, ఫ్రేము ఫ్రేముకీ దాని పాయింట్లు జరుపుకుంటూ పోతాడు. ఏ ఫ్రేముని ఆపి చూసినా బాగానే ఉంటుంది. ఆడించి చూస్తే అంచంతా వణుకుతుంది. చేత్తో 112 సార్లు జరిపిన పాయింటు 112 సార్లూ వెంట్రుకవాసి తేడాతో పడుతుంది కాబట్టి. స్టూడియో భాషలో ‘ఎడ్జ్ బాయిల్ అవుతోంది’ అంటారు. అలాంటి షాట్ మళ్లీ మొదటి నుంచి చెయ్యడం తప్ప దారి లేదు.

సరైన పద్ధతి మనిషిని ముక్కలు చెయ్యడంతో మొదలవుతుంది. తల ఒక షేపు, మెడ ఒకటి, మొండెం ఒకటి, భుజం నుంచి మోచేతిదాకా ఒకటి, ముంజేయి ఒకటి, అరచెయ్యి, వేళ్లు. ఎముక ఎక్కడ వంగుతుందో అక్కడ షేపు తెగాలి. ముంజేయి తన ఆకారం పెద్దగా మార్చుకోదు, తిరుగుతుంది, జరుగుతుంది, అంతే. అందుకని షేపు మొత్తాన్ని తిప్పి జరిపితే చాలు, పాయింట్లని ముట్టుకోనక్కర్లేదు. ముట్టుకోకపోతే వణకదు. ఇక కీఫ్రేములు, అంటే షేపుని మనం చేత్తో సరిచేసే ఫ్రేములు, పెట్టేది కదలిక మలుపు తిరిగే చోట: పాదం నేలని తాకిన ఫ్రేము, చెయ్యి ఊగి ఆగిన ఫ్రేము. వాటి మధ్యది మిషన్ పూరిస్తుంది. తప్పు పూరించిన చోట మాత్రమే ఇంకో కీ వేస్తాం. కీలు ఎన్ని తక్కువైతే పని అంత నున్నగా వస్తుంది. కష్టపడ్డట్టు కనిపించడం కోసం ఎక్కువ కీలు వేసేవాళ్లని మా సార్ దూరం నుంచే పట్టేసేవారు.

ఇప్పుడు జడ. సంతలో నడిచివెళ్లే అమ్మాయి, పొడుగాటి జడ, కెమెరా పక్కనుంచి. జడ మొదలు తలతో పాటు కదులుతుంది, నడుము దగ్గరి భాగం కాస్త ఆలస్యంగా కదులుతుంది, కొస ఇంకా ఆలస్యంగా. అంటే మూడు షేపులు, ఒక్కోదానికి కీలు ఒక్కోచోట. అడుగు వేగం పెరిగినప్పుడు కొస మసకబారుతుంది, దాన్ని మోషన్ బ్లర్ అంటాం. కెమెరా షట్టర్ మామూలుగా ఫ్రేము కాలంలో సగం, అంటే సెకనులో 48వ వంతు తెరిచి ఉంటుంది. ఆ కొద్దిపాటి వేళలో కొస కదిలిన మేరంతా ఒకే ఫ్రేములో పడుతుంది. అక్కడ గీత గీయడానికి గట్టి అంచంటూ ఉండదు. మసకలో నట్టనడుమ గీత పెట్టి, షేపుకి కూడా అదే షట్టర్ లెక్కన బ్లర్ ఇస్తే అంచు దానంతటదే ప్లేటుతో, అంటే కెమెరా తీసిన అసలు దృశ్యంతో, కలుస్తుంది. ఇక జడలోంచి లేచిన విడి వెంట్రుకలకి షేపులు పనికిరావు. వాటిని వెలుగునీడల తేడా పట్టుకుని లాగాలి, అది కుదరని చోట ఒక్కోటీ సన్నటి గీతగా వేసుకోవాలి. నేను పూర్తయిందనుకుని చూపించాక సార్ షాట్‌ని ఆడించను కూడా ఆడించలేదు. నా షేపుల్ని ఎర్రటి పొరగా ప్లేటు మీద పరిచి, చెవి దగ్గరికి జూమ్ చేశారు. ‘చెవికీ జడకీ మధ్య సందుంది చూశావా? అందులోంచి వెనక కొట్టువాడి చొక్కా కనపడాలి.’ ఆ సందు ఆరేడు పిక్సెళ్లు. ఆ తరవాత చాలారోజులు బస్సులో ముందు సీటువాళ్ల చెవుల వెనక సందులు చూస్తూ ప్రయాణం చేశాను. ఈ కోర్సు దుష్ఫలితాల్లో ఇదొకటి.

గీసిన షేపు దేనికి పనికొస్తుంది? మ్యాట్ తయారుచెయ్యడానికి. ఎన్నికల ముందు గోడ మీద పార్టీ గుర్తు కొట్టడానికి వాడే రేకు తెలుసు కదా, గుర్తు ఆకారంలో కోసి ఉంటుంది, కోసిన చోట రంగు దిగుతుంది, తక్కిన చోట ఆగుతుంది. మ్యాట్ అంటే అదే. ఈ రేకు సినిమాకి కొత్తది కాదు. ఫ్రాన్సులో జార్జి మెలియెస్ 1898లోనే ఫ్రేములో కొంతభాగం నల్లగా ఉంచి, ఫిల్ము వెనక్కి తిప్పి, ఆ నల్లటి చోట మళ్లీ షూట్ చేసి తన తలల్నే బల్ల మీద వరసగా పెట్టుకున్నాడు. మన దగ్గర 1961లో ‘సీతారామ కళ్యాణం’లో పదితలల రావణుణ్ని రవికాంత్ నగాయిచ్ ట్రిక్ ఫోటోగ్రఫీతోనే చూపించారు. అంతకు నాలుగేళ్ల ముందు ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి భోజనం, మార్కస్ బార్ట్‌లే పట్టుకొచ్చిన వెన్నెల సరేసరి. ఈ పద్ధతుల్లో కష్టమేమిటంటే, లెన్సు ముందు నల్లమాస్కు పెట్టి ఒకే ఫిల్ము మీద పదేపదే ఎక్స్‌పోజ్ చేసేటప్పుడు ఒక్కసారి కెమెరా కదిలినా అంతకుముందు చేసిందంతా పోతుంది. ఫలితం ల్యాబ్ నుంచి వచ్చేదాకా తెలియదు. మేం కంట్రోల్ జెడ్ నొక్కుతూ కూర్చుని ‘సిస్టమ్ స్లో’ అని విసుక్కుంటాం.

గోడ మీద రేకుకి ఒక లోపం ఉంది: రంగు పడుతుంది, లేదా పడదు. వెంట్రుకకీ పొగకీ గాజుకీ ఆ లెక్క కుదరదు. అందుకే డిజిటల్ బొమ్మలో ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెల పక్కన నాలుగోదొకటి ఉంటుంది, ఆల్ఫా. సున్నా అంటే అక్కడ ఏమీ లేదు, 1 అంటే పూర్తిగా ఉంది, 0.3 అంటే ముప్ఫై పాళ్లే ఉంది. 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తుండగా ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ ఈ ఆలోచన చేశారు. 1984లో లూకస్‌ఫిల్మ్‌లో ఉన్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ రెండు బొమ్మల్ని కలిపే లెక్కలన్నీ ఒక పత్రంలో రాసిపెట్టారు. నలుగురికీ కలిపి 1996లో ఆస్కార్ వాళ్ల సాంకేతిక పురస్కారం వచ్చింది. ఇవాళ ఫోన్‌లో స్టిక్కర్ అతికించినా ఆ లెక్కే నడుస్తుంది.

ఆ లెక్క ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. పైబొమ్మ రంగు, దానికి కింది బొమ్మ రంగులో మిగిలిన వాటా కలపాలి. నెరిసిన వెంట్రుక అంచు పిక్సెల్ ఒకటి తీసుకోండి. వెంట్రుక రంగు 0.8, కానీ ఆ పిక్సెల్‌లో అది సగమే ఆక్రమించింది, ఆల్ఫా 0.5. రెండూ గుణిస్తే 0.4. వెనక చీకటిగోడ 0.2, అందులో మిగిలిన సగం వాటా 0.1. మొత్తం 0.5. వెంట్రుకకీ గోడకీ సరిగ్గా నడిమధ్య రంగు. కళ్లు ఒప్పుకుంటాయి.

మొదట చేసిన ఆ గుణకారాన్ని ప్రీమల్టిప్లై అంటారు. కొత్తవాళ్ల కన్నీళ్లలో సగం దీని ఖాతాలోకే పోతాయి. కంప్యూటర్‌లో తయారై వచ్చిన బొమ్మలు ఈ గుణకారం చేసుకునే వస్తాయి. తెలియక ఇంకోసారి చేశామనుకోండి. 0.4 కాస్తా 0.2 అవుతుంది, దానికి గోడ వాటా 0.1 కలిపితే 0.3. రావలసిన 0.5 కన్నా బాగా నల్లగా. ఒక్క పిక్సెల్ అయితే ఎవరికీ పట్టదు, మనిషి చుట్టూతా ఇదే జరిగితే కాటుక గీత గీసినట్టుంటుంది. పాత టీవీ సీరియళ్లలో దేవుళ్ల చుట్టూ మీరు చూసిన నల్లటి గీత వెనక ఈ రెండోసారి గుణకారం ఉండి ఉండవచ్చు. దీనికి తోబుట్టువు ఇంకొకటుంది. గుణకారం జరిగిన రాక్షసుడి బొమ్మకి అలాగే రంగు సరిచెయ్యబోయి, నలుపుని 0.02 పైకెత్తారనుకోండి. బొమ్మ లేని ఖాళీ జాగా కూడా ఆ 0.02 ఎత్తుకుంటుంది. కలిపాక రాక్షసుడి చుట్టూ దీర్ఘచతురస్రాకారంలో ఒక పలచని తెర తేలుతుంది. మామూలు స్క్రీన్ మీద కనపడదు. చీకటి హాల్లో నలభై అడుగుల తెర మీద దివ్యంగా కనపడుతుంది. కాబట్టి ముందు ఆల్ఫాతో భాగించాలి, రంగు మార్చాలి, తిరిగి గుణించాలి. న్యూక్‌లో ఇవి రెండు చిన్న నోడ్లు.

న్యూక్ ఊసు వచ్చింది కాబట్టి: ఇది 1993లో డిజిటల్ డొమైన్ అనే స్టూడియో తన అవసరం కోసం రాసుకున్న ప్రోగ్రామ్, 2007 నుంచి ఫౌండ్రీ అనే కంపెనీ చేతిలో ఉంది. పొరలు పొరలుగా పేర్చే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రోగ్రామ్‌లా కాకుండా ఇందులో ప్రతి పనీ ఒక పెట్టె, దాన్నే నోడ్ అంటారు, పెట్టెల మధ్య తీగలు. పెద్ద షాట్ తెరిస్తే కరెంటోళ్ల మ్యాపులా కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్లకి ఉచిత వెర్షన్ ఉంది, 1920 బై 1080 దాటి బొమ్మ బయటికివ్వదు, వ్యాపారానికి వాడకూడదు. ఇన్‌స్టిట్యూట్‌లో చేరకముందే ఈ సంగతి తెలిసుంటే బాగుండేది. బ్రోచర్‌లో వేయలేదు.

వెలుతురు లెక్క ఒకటి త్వరగా చెప్పి దాటేస్తాను. మామూలు వీడియోలో అంకెలు కంటికి అనువుగా వంచి రాస్తారు. దీపం వెలుతురు సరిగ్గా సగం చేస్తే 255లో 128 రావాలి అనుకుంటాం, 188 దగ్గర వస్తుంది. ఆ వంచిన అంకెలతో కూడికలూ గుణకారాలూ చేస్తే మంటలు మసిబారతాయి, బ్లర్ చేసిన దీపం బూడిదరంగులోకి పోతుంది. అందుకని వంపు తీసేసి, అసలు వెలుతురు నిష్పత్తిలోనే లెక్కలు చేసి, చూసేటప్పుడు మాత్రమే వంపు పెట్టుకుంటాం. దీనికి 8 బిట్ ఫైళ్లు చాలవు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ వాళ్లు 2003లో అందరికీ ఇచ్చేసిన ఓపెన్ఈఎక్స్ఆర్ ఫైళ్లు వాడతాం. అవి హార్డ్‌డిస్కుని ఎంత వేగంగా నింపుతాయో హాస్టల్ రూమ్మేట్లకి తెలుసు.

గ్రీన్ మ్యాట్, అంటే మనిషి వెనక కట్టే ఆకుపచ్చ తెర, గురించి జనానికి తెలుసు, ఎందుకంటే మేకింగ్ వీడియోల్లో అదే చూపిస్తారు. ఫిల్ము కాలంలో నీలం వాడేవారు. పెట్రో వ్లాహోస్ అనే ఇంజనీరు ‘బెన్‌హర్’ (1959) కోసం నీలం తెరతో పొగా జుట్టూ కూడా విడదీసే పద్ధతి కనిపెట్టాడు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆకుపచ్చ ముందుకొచ్చింది. సెన్సార్ మీద ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఆకుపచ్చలో వివరం ఎక్కువ, గ్రెయిన్, అంటే బొమ్మ మీద మెదిలే సన్నటి రవ్వ, తక్కువ. మనిషి చర్మంలో ఆకుపచ్చ ఆధిక్యం ఉండదు కాబట్టి విడదియ్యడం తేలిక. ఇదంతా హీరోయిన్ చిలకపచ్చ చీర కట్టుకుని వచ్చేదాకా.

విడదియ్యడం కన్నా పెద్ద తలనొప్పి స్పిల్. తెర మీద పడ్డ వెలుతురు తిరిగొచ్చి మనిషి భుజాల మీదా చెంపల మీదా వాలుతుంది. మనిషిని తీసి ఎడారిలో నిలబెట్టినా భుజానికి పచ్చటి నీడ వెంటవస్తుంది. మందు సులువైనదే: ప్రతి పిక్సెల్‌లోనూ ఆకుపచ్చ అంకె ఎరుపు నీలాల సగటుని దాటితే అక్కడికి కత్తిరించెయ్యి అని చెప్పాలి. కత్తిరించాక భుజం చీకటవుతుంది. పోయిన వెలుతురు స్థానంలో ఎడారి రంగు వెలుతురు అంతే మోతాదులో పోసి భర్తీ చెయ్యాలి. ఈ రెండో భాగం చెయ్యనివాళ్లే ఎక్కువ, చెంప మీద బూడిద పూసినట్టు కనిపించే షాట్లన్నీ వాళ్లవే.

అసలు మందు మాత్రం సెట్లో ఉంది. తెరని మనిషికి దూరంగా కట్టాలి, తెరకి వేరుగా సమంగా లైటు వెయ్యాలి, మడతలు లేకుండా లాగాలి. ఇన్‌స్టిట్యూట్ తరఫున ఒక షూటింగ్ చూడ్డానికి వెళ్లాం. సాయంత్రం, టైం లేదు, పచ్చగుడ్డ వెదురు కర్రలకి కట్టారు, గాలికి అలలుగా లేస్తోంది, ఫైటరు దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. అసిస్టెంటు సందేహంగా ఏదో అన్నాడు. ‘పోస్ట్‌లో చూసుకుంటార్లే’ అన్నారు ఎవరో. తెలుగు సినిమాలో ఎక్కువసార్లు పలికిన డైలాగు ఇదేనని నా అనుమానం. ఆ పోస్ట్ అంటే ఎవడో రాత్రి రెండింటికి కూర్చుని ఆ ఫైటర్ వీపుని చేత్తో రోటో చెయ్యడం అని అర్థం.

ట్రాకింగ్ సంగతి తొందరగా. కెమెరా కదిలితే మనం పెట్టిన వస్తువు కూడా అంతే కదలాలి. ఒక చుక్కని వెంటాడితే జరగడం తెలుస్తుంది, రెండు చుక్కలతో తిరగడం, దగ్గరవడం తెలుస్తాయి, నాలుగు మూలలు దొరికితే ఒక బోర్డు మీద కొత్త పేరు అతికించవచ్చు. కెమెరా నడిచివెళ్తూ తీస్తే దగ్గరి వస్తువులు వేగంగా, దూరపువి మెల్లగా జరుగుతాయి, ఆ తేడా నుంచి కెమెరా నడిచిన దారి మొత్తాన్ని లెక్కకట్టే ప్రోగ్రాములున్నాయి. అవి పనిచేసినప్పుడు అద్భుతం. పనిచెయ్యనప్పుడు గుడి గోపురం మూడో సెకను దగ్గర చిన్నగా జారుతుంది, ఎందుకో అవీ చెప్పవు.

ఇవన్నీ వచ్చాక మొదలవుతుంది అసలు కలపడం. ఇక్కడ సార్ మాకు నేర్పినవన్నీ చూసే తీరుకి సంబంధించినవే. మొదట నలుపులు చూడమనేవారు. దూరంగా ఉన్న దేనికీ నిండు నలుపు ఉండదు, మధ్యలో గాలీ దుమ్మూ అడ్డుపడి తేలుస్తాయి. దూరపు కొండ మీద పెట్టిన కోట నీడలు దగ్గరున్న హీరో జుట్టు కన్నా నల్లగా ఉన్నాయంటే, ఆ కోట ఎంత అందంగా కట్టినా అట్టముక్కే. తరవాత వ్యూయర్‌లో గామాని, అంటే నడిమి వెలుగుని, బాగా పెంచి ఒకసారి, దించి ఒకసారి చూడమనేవారు. మామూలుగా దాక్కున్నవన్నీ అప్పుడు బయటపడతాయి. ఆ తరవాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదాన్ని విడిగా. నీలంలో గ్రెయిన్ ఎక్కువ ఉంటుంది. కంప్యూటర్‌లో పుట్టిన కోటకి గ్రెయిన్ అసలుండదు, నున్నగా మెరుస్తుంది. కెమెరాలోంచి వచ్చిన ప్లేటు గ్రెయిన్ కొలిచి, కోట మీద అంతే గ్రెయిన్, ఒక్కో రంగుకి ఒక్కో మోతాదులో చల్లాలి. లెన్సు చెయ్యవలసిన తప్పులు కూడా మనమే చెయ్యాలి: మూలల్లో కాస్త వంపు, దీపం చుట్టూ కాస్త మెరుపు, ఫోకస్ లేనిచోట మసక. లక్షలు పోసి తప్పుల్లేని లెన్సులు తెస్తారు, మేం కూర్చుని వాటికున్న కాసిని తప్పుల్నీ కొలిచి కోటకి పులుముతాం.

ఉద్యోగాల మాట. స్టూడియోల్లో నిచ్చెన ఉంది: రోటో, ఆపైన పెయింట్ అంటే తీగలూ తాళ్లూ తుడిచెయ్యడం, ఆపైన కంపోజిటింగ్. కోర్సు పేరులో మూడోది ఉంటుంది, ఆఫర్ లెటర్‌లో మొదటిది ఉంటుంది. విదేశీ సినిమాల రోటో పని చాలావరకు మన దేశానికి వస్తుంది. ప్రతిభ గుర్తించి పంపిస్తున్నారని ఫ్రెషర్స్ డేలో చెబుతారు, గంట రేటు చూసి పంపిస్తున్నారని రెండో నెలలో తెలుస్తుంది. నా మటుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. చూపు పదునెక్కడానికి రోటోని మించిన బడి లేదు. ఆ బడిలోనే ఏళ్ల తరబడి కూర్చోబెట్టి ప్రమోషన్ ఊసెత్తకపోవడం మాత్రం చదువు కిందికి రాదు.

ఈ రంగంలో పేరుకీ డబ్బుకీ సంబంధం తక్కువని చెప్పడానికి హైదరాబాద్ వాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. ‘లైఫ్ ఆఫ్ పై’ పులిని తయారుచేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కి ఇక్కడ కూడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టింది. అదే నెలలో ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అవార్డు అందుకున్నాయన వేదిక మీద కంపెనీ కష్టాల గురించి మాట్లాడబోతుండగా ‘జాస్’ సినిమా సంగీతం పెంచి మైకు ఆపేశారు. 2025 ఫిబ్రవరిలో ఎంపీసీ, ద మిల్ లాంటి పేరున్న స్టూడియోలు నడిపిన టెక్నికలర్ కూలింది, బెంగళూరు, ముంబయి ఆఫీసులు మూతపడ్డాయి. ఇటు తెలుగులో ‘ఈగ’ (2012)కి మకుట స్టూడియో, ‘ఆర్ఆర్ఆర్’ (2022)కి వి. శ్రీనివాసమోహన్ జాతీయ అవార్డులు తెచ్చుకున్నారు. పని ఉంది, పేరూ ఉంది. జీతం ఒకటో తారీఖున పడుతుందా అన్నది వేరే ప్రశ్న.

రోటోని ఇక యంత్రమే చేస్తుందట కదా అని మా మామయ్య వాట్సాప్‌లో వీడియో పంపాడు. కొంత చేస్తోంది. 2021లో వచ్చిన న్యూక్ 13లో కాపీక్యాట్ అనే నోడ్ ఉంది. మనం కొన్ని ఫ్రేములు చేసి చూపిస్తే, మిగతావి అది నేర్చుకుని చేస్తుంది. మొండెం బాగా తీస్తుంది, చెవి వెనక సందు ఒక ఫ్రేములో ఉంచి, తరవాతి ఫ్రేములో మూసేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఆ సందు అక్కడుండాలని తెలిసిన మనిషి కావాలి. అలాంటి మనుషులు ఎంతమంది కావాలన్నదే అసలు చిక్కు. పదిమంది చేసేచోట ఇద్దరు చాలు అని లెక్క వేసే మేనేజరు ఎక్కడో ఉండే ఉంటాడు.

చివరగా రీల్. ఉద్యోగానికి పంపే నిమిషం, నిమిషంన్నర వీడియో. ఒకే ఇన్‌స్టిట్యూట్ వాళ్లందరి రీళ్లలోనూ అదే హెలికాప్టర్ అదే ఫ్లైఓవర్ మీద పేలుతుంది, ఎందుకంటే అందరికీ ఇచ్చిన ప్లేటు అది. చూసేవాళ్లకి ఆ ఫ్లైఓవర్ మీద సానుభూతి కూడా మిగలదు. సొంత ప్లేటు తీసుకోమని సార్ చెప్పారు. మాది పాలకొల్లు. కోడి రామకృష్ణ పుట్టిన ఊరు, ‘అమ్మోరు’ తీసినాయన. కాబట్టి సినిమా పని అంటే మా వీధిలో ఎవరూ ఉలిక్కిపడరు. క్షీరారామం గుడి తొమ్మిది అంతస్తుల గాలిగోపురానికి అడ్డంగా కరెంటు తీగలూ కేబుల్ టీవీ వైర్లూ వేలాడుతుంటాయి. స్నేహితుడి కెమెరాతో నడుస్తూ పదిసెకన్లు తీశాను. గోపురాన్ని ట్రాక్ చేసి, తీగలు లేని క్లీన్ ప్లేటు ఒకటి పెయింట్ చేసి, దాన్ని గోపురానికి అంటించి కదిలించాను. గ్రెయిన్ ముందే తీసేసి పెట్టుకుని, చివర తిరిగి వేశాను. పావురాలు తీగల మీదుగా ఎగిరే చోట వాటికి రోటో.

నాన్నకి ఫోన్లో చూపించాను.

‘గోపురం బానే తీశావురా. ఇందులో నువ్వు చేసిందేంటి?’

‘తీగలు తీసేశాను నాన్నా.’

‘ఏ తీగలు?’

మాకు రోజూ కనిపించే తీగలే. అమ్మ మాత్రం పావురాలు కూడా నేనే చేశాననుకుంది. ఆ మాట కాదని చెప్పడానికి కొంచెం టైం తీసుకున్నాను.

ఇంటర్వ్యూలో ఆ షాట్‌ని ఒకాయన గామా పెంచి, నీలం ఛానెల్ పెట్టి, తీగ ఉండే చోట ఆగి చూశాడు. గ్రెయిన్ ఎక్కడినుంచి తీసుకున్నావని అడిగాడు. అదే ప్లేటులోంచి అని చెప్పాను. ఇంకేం అడగలేదు. పెయింట్ విభాగంలో నైట్ షిఫ్ట్ ఇచ్చారు. ఇప్పుడు ఫైట్ మాస్టర్లు కట్టిన తాళ్లు తుడుస్తున్నాను. మా అమ్మ చుట్టాలకి ‘గ్రాఫిక్స్‌లో చేస్తున్నాడు’ అని చెబుతోంది. రాక్షసులు ఎప్పుడొస్తారని వాళ్ల పిల్లలు అడుగుతున్నారు.